బదిలీ చేస్తే శిక్షేనా? స్టూడియో చర్చ పూర్తి పాఠం

(2022 సెప్టెంబరు నెలాఖరు, రాత్రి ప్రైమ్‌టైమ్. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడినచోట వినబడినంతే రాశాం. అలాంటి చోట్లు చాలానే ఉన్నాయి.)

యాంకర్: నమస్కారం. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఆగస్టు 25న క్యాంపు పెట్టి ఒకే రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. నెల తిరిగాక 13 మందిపై చర్యలన్నారు. సూపరింటెండెంట్ సస్పెండ్, జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) బదిలీ. మార్చిలో వరంగల్ ఎంజీఎం ఐసీయూలో పేషెంటును ఎలుకలు కొరికినా అదే కథ, సూపరింటెండెంట్ బదిలీ. నాది ఒకటే ప్రశ్న. పెద్ద కుర్చీలో కూర్చుని ఫెయిలైనవాళ్ల జీతం ఎందుకు కోయరు?

డాక్టర్ల సంఘం నేత: ముందు ఒక మాట...

యాంకర్: మీ దగ్గరికే వస్తా సర్. ముందు మేడమ్.

న్యాయవాది: థాంక్యూ. సస్పెన్షన్ శిక్ష కాదండీ. విచారణ తేలేదాకా పక్కన పెట్టడం, అంతే. ఆ టైములో సబ్సిస్టెన్స్ అలవెన్స్ కింద దాదాపు సగం జీతం వస్తూనే ఉంటుంది. బదిలీ అయితే ప్రభుత్వ ఉద్యోగుల క్రమశిక్షణకు పెట్టిన 1991 సీసీఏ రూల్స్‌లో శిక్షల జాబితాలోనే లేదు. ఇంక్రిమెంట్ ఆపడం, నష్టం రాబట్టడం, డిమోషన్, డిస్మిసల్, ఇవీ శిక్షలు. వాటికి ఆరోపణలు రాసి చార్జి మెమో ఇవ్వాలి, జవాబు తీసుకోవాలి, పెద్ద శిక్షకైతే ఎంక్వయిరీ కూడా...

సంఘం నేత: మేడమ్ రూల్స్ చదివారు, మేం ఆస్పత్రుల్లో బతికాం. ఎంజీఎంలో ఎలుకలు పట్టడం ఐసీయూ డాక్టర్ డ్యూటీనా? ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు! శానిటేషన్ టెండర్ ఎవరిచ్చారు? మందులు, మెషీన్లు ఎవరు కొంటారు? టీఎస్‌ఎంఎస్‌ఐడీసీ, అంటే రాష్ట్ర ప్రభుత్వ కొనుగోళ్ల సంస్థ. సూపరింటెండెంట్ చేతిలో ఏముంది?

యాంకర్: శానిటేషన్‌కు ఒక్కో పడకకు 5 వేలున్నది 7,500 చేస్తామని ఈ బడ్జెట్లోనే చెప్పారుగా?

సంఘం నేత: బడ్జెట్లో చదవడం వేరు, బిల్లు పాసవడం వేరు. 2017లో యూపీలోని గోరఖ్‌పూర్ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో ఆక్సిజన్ ఎందుకు ఆగింది? కంపెనీకి బకాయి పడ్డందుకు! ఎవరిని సస్పెండ్ చేశారు? ప్రిన్సిపాల్‌ని! ఫైలు ఆపిన ఆఫీసర్‌ని కాదు. తిరుపతి రుయా ఆస్పత్రిలో 2021 మే 10న...

యాంకర్: రుయాకు వెళ్లొద్దు సర్. జీతం సంగతి చెప్పండి. కోయాలా, వద్దా?

సంఘం నేత: ఎవరి జీతం?

యాంకర్: ఫెయిలైనవాళ్లది.

సంఘం నేత: అదే, ఎవరు ఫెయిలయ్యారు? (గొంతు పెంచి) బలిపశువు దొరికితే చాలా మీకు?

విశ్రాంత సూపరింటెండెంట్: నాకొక్క నిమిషం ఇస్తారా? అరగంట నుంచి చూస్తున్నా.

యాంకర్: చెప్పండి సర్, క్లుప్తంగా.

విశ్రాంత సూపరింటెండెంట్: క్లాసులు చెప్పుకుని, ఓపీ చూసుకునే ప్రొఫెసర్‌కు ఎఫ్ఏసీ, అంటే సూపరింటెండెంట్‌గా పూర్తి అదనపు బాధ్యతలు అని ఒక కాగితం ఇస్తారు. ఆ రోజు నుంచి వెయ్యి పడకలకు ఆయనే దిక్కు. పొద్దున్నే డైట్ బిల్లు, లిఫ్టు రిపేరు, మార్చురీ ఫ్రీజర్. శానిటేషన్ హాజరు పట్టీ వస్తుంది. పట్టీలో ఉన్నంతమంది వార్డులో కనబడరు. సంతకం పెట్టకపోతే నిజంగా ఊడ్చినవాళ్ల కూలీ ఆగిపోతుంది. పెడితే దొంగ లెక్కకు మనమే సాక్షి. అడ్మినిస్ట్రేషన్ ఎవరూ నేర్పరు. అలాగని ఆయనకు బాధ్యత లేదనను. రోజూ రౌండ్స్‌కు వెళితే ఎలుక బొరియ కంటపడుతుంది.

సంఘం నేత: రౌండ్స్‌కు టైమేదండీ?

యాంకర్: సాయంత్రం క్లినిక్‌కు మాత్రం టైముంటుందిగా! అందుకేగా గత నెల కొత్త రిక్రూట్‌మెంట్లకు ప్రైవేట్ ప్రాక్టీస్ బ్యాన్ చేశారు?

సంఘం నేత: ఇది అవమానం! డ్యూటీ అయ్యాక క్లినిక్‌కు వెళితే మీకేంటి? ఎమ్మెల్యేలకు వ్యాపారాలు లేవా? అన్నీ వదిలేసి...

(ఇక్కడ ప్రైవేట్ ప్రాక్టీస్ మీద ఐదారు నిమిషాలు గడిచిపోయాయి. చాలావరకు అరుపులే.)

యాంకర్: ఇంగ్లండ్ నుంచి మన తెలుగు డాక్టర్ లైన్లో ఉన్నారు. అక్కడ ఆస్పత్రి సీఈఓల జీతాలు ప్రధానమంత్రి జీతం కంటే ఎక్కువట! ఫెయిలైతే కోస్తారా సర్?

ఇంగ్లండ్ డాక్టర్: చాలామందికి ఎక్కువే అండీ. కానీ కోసింది నేను పెద్దగా చూడలేదు. మిడ్ స్టాఫర్డ్‌షైర్ అనే ప్రభుత్వ ఆస్పత్రి ట్రస్ట్‌లో ఖర్చులు తగ్గించి, ఎక్కువ స్వేచ్ఛ ఉండే ఫౌండేషన్ ట్రస్ట్ హోదా కోసం పరుగెత్తారు. పేషెంట్లు నరకం చూశారు. 2013లో దానిపై విచారణ చేసిన ఫ్రాన్సిస్ రిపోర్టు వచ్చింది. ఇక్కడ ఒక ట్రస్ట్‌లో దిగిపోయిన మేనేజర్ ఇంకో ట్రస్ట్‌లో తేలతాడు. అలాంటివాళ్లను మళ్లీ పదవుల్లోకి రానివ్వని సంస్థ ఒకటి కావాలని 2019లో కార్క్ రివ్యూ అడిగింది. ఇంకా రాలేదు. జీతం కోస్తామంటే ఇంకో చిక్కు ఉంది. దెబ్బతిన్న ఆస్పత్రిని బాగుచేయడానికి మంచివాళ్లెవరూ...

యాంకర్: లైన్ కట్టయినట్టుంది. చూశారా, ప్రధాని కంటే ఎక్కువ జీతం! మేడమ్, ఇక్కడ కోయాలా?

న్యాయవాది: మీరు జీతం జీతం అంటున్నారు, అసలు విషయం వేరే ఉంది. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో ఒక్క క్యాంపులో 83 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసి, వాళ్లలో కొందరి ప్రాణాలు తీశారు. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ క్యాంపులు మూడేళ్లలో మానేయమంది. ఇది 2022. క్యాంపు పెట్టమన్నది ఎవరు? సూపరింటెండెంట్ సొంతంగా పెట్టుకున్నారా? పైగా ఇబ్రహీంపట్నం విచారణ కమిటీకి పెద్ద ఎవరు? ప్రజారోగ్య సంచాలకుడే. శాఖ మీద శాఖే విచారణ...

సంఘం నేత: అదే నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నా! పైవాళ్లు!

న్యాయవాది: మీరన్నది అది కాదు. సూపరింటెండెంట్‌కు ఏమీ చేయొద్దన్నారు మీరు. పరికరాల స్టెరిలైజేషన్ సరిగా జరిగిందో లేదో ఆపరేషన్ థియేటర్లో చూడాల్సింది సెక్రటేరియట్ కాదు కదా!

సంఘం నేత: పరికరాలు తగినన్ని ఇచ్చారా? ఇచ్చారా అని!

యాంకర్: అంటే పైనున్న ఐఏఎస్ కమిషనర్ జీతం కూడా కోయాలంటారా?

విశ్రాంత సూపరింటెండెంట్: ఐఏఎస్ జీతం ఈ రూల్స్ కిందికే రాదండీ. వాళ్లకు వేరే రూల్స్.

సంఘం నేత: చూశారా! వాళ్లకు వేరే! మాకొకటి, వాళ్లకొకటి! ముందు వాళ్లను ముట్టుకోండి, తర్వాత మా దగ్గరికి రండి. అంతవరకు ఒక్క డాక్టర్ జీతంలో రూపాయి కోసినా ఓపీలు బంద్. ఇది హెచ్చరిక అనుకోండి, ఇంకేదైనా అనుకోండి.

యాంకర్: మేడమ్, ముప్పై సెకన్లు.

న్యాయవాది: ఓపీ బంద్ చేస్తే నష్టం ఎవరికి? ఆ నలుగురి లాంటివాళ్లకే. 13 మందిలో ఎంతమందికి చార్జి మెమో ఇచ్చారో ప్రభుత్వం బయటపెట్టాలి. అది అడగండి మీరు...

సంఘం నేత: మెమోలతో ఆస్పత్రులు నడవవు! డాక్టర్లు నడుపుతారు!

యాంకర్: ఓకే, టైమైపోయింది. మొత్తానికి సర్ చెప్పినట్టు సూపరింటెండెంట్లు బలిపశువులవుతున్నారన్నది స్పష్టమైంది...

న్యాయవాది: ఎవరికి స్పష్టమైందండీ?

యాంకర్: ...జీతాల కోతపై రేపు ఇదే టైముకు మళ్లీ చర్చిద్దాం. ఇప్పుడు హెడ్‌లైన్స్.