కీమోకి ముందే అడగండి

శ్రోతలకు నమస్కారం. మిర్యాలగూడ నుంచో, దేవరకొండ నుంచో క్యాన్సర్ వైద్యానికి పట్నం పోయే ఆడవాళ్లు చాలామంది డాక్టరును ముందుగా అడిగేది, "జుట్టంతా పోతదా సారూ?" అని. దాన్ని చిన్న ప్రశ్న అనుకోవద్దని నా మనవి. యాదగిరిగుట్టకు పోయి ఇష్టంగా తలనీలాలు ఇవ్వడం వేరు, జడ దువ్వెనలోకి ఊడి రావడం వేరు.

క్యాన్సర్‌కు ఎక్కించే కీమో మందు గబగబా విభజన చెందే కణాలను దెబ్బతీస్తుంది. క్యాన్సర్ కణాలు అలాంటివి. వెంట్రుక కుదుట్లోని కణాలూ అలాంటివే. ఆ విభజనను నడిపే ఎంజైములకు సీడీకేలని పేరు. వాటిని కాసేపు ఆపితే?

2019లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇదే చేసి చూశారు. జుట్టు మార్పిడి చేయించుకున్నవాళ్లు ఇచ్చిన కుదుళ్లను ల్యాబులో బతికించి, ముందు పాల్బోసిక్లిబ్ అనే మందు పట్టించారు. అది సీడీకే 4, సీడీకే 6లను అడ్డుకుంటుంది. ఆ తర్వాత పాక్లిటాక్సెల్ అనే కీమో మందు వేశారు. రొమ్ము క్యాన్సర్‌కు మనవాళ్లకూ ఎక్కించే మందే అది. కుదుళ్లకు దెబ్బ బాగా తగ్గింది. గద్వాల మగ్గం ఆడుతుండగా వేలు అడ్డం పెడితే పోగులు తెగుతాయి, ఆపి ఉంచితే నిలుస్తాయి. విభజన ఆగిన కణం అలాగే నిలిచింది. నాకెంతో నచ్చిన ప్రయోగమిది.

కానీ ఇది ల్యాబు మాట, ల్యాబు మాటే. సీడీకేలను ఆపితే జుట్టు నిలుస్తుందని 2001లో ఎలుక పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి పెద్ద పత్రికలో వచ్చింది, మరుసటి ఏడాదే వెనక్కి తీసుకున్నారు. పైగా ఈ మందు ఒంట్లోకి పోయి క్యాన్సర్ కణాలనూ ఆపితే కీమో దెబ్బ వాటికీ తప్పవచ్చు. తల వరకే పనిచేసే పూత కావాలి. అది ఇంకా మన చేతికి రాలేదు. ఆ పేరు చెప్పి ఎవరైనా నూనె అమ్మితే కొనకండి.

ఇప్పుడు చేతిలో ఉన్నది చల్లటి టోపీ. మాడును చల్లబరిస్తే రక్తనాళాలు ముడుచుకుని, కుదుళ్లకు చేరే మందు తగ్గుతుంది. అందరికీ పనిచేయదు, రక్త క్యాన్సర్లకు వాడరు. కానీ మందు ఎక్కించే ముందే పెట్టాలి, జుట్టు రాలడం మొదలయ్యాక కాదు. అందుకని అక్కలారా, మొదటి కీమోకి ముందే అడగండి: "మీ దవాఖానలో చల్లటి టోపీ ఉందా? నా మందుకు పనికొస్తదా? ఖర్చెంత?" టోపీ లేదన్నా టెన్షన్ పడి వైద్యం మాత్రం మానొద్దు. కీమో అయిపోయాక కొన్ని నెలల్లో చాలామందికి జుట్టు మళ్లీ వస్తుంది.