"సోర్స్ కోడ్ ఇచ్చేశాం" అంటే ఏమిచ్చినట్టు? డార్విన్, డాస్, సొలారిస్ కోడ్ విప్పి చూసిన రివ్యూ

నమస్కారం అండీ. ఈ వీడియోలో టేబుల్ మీద ఫోన్ లేదు, ల్యాప్‌టాప్ లేదు. ఇవాళ రివ్యూ చేస్తున్నది సోర్స్ కోడ్‌ని, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠాన్ని. కంపెనీలు వ్యాపారం కోసం తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్‌ల కోడ్‌ని అప్పుడప్పుడూ బయటపెడుతుంటాయి కదా. అది దింపుకుంటే నిజంగా మన చేతికి ఏమొస్తుంది, దాంతో ఏం చేసుకోగలం, అదీ సంగతి.

"ఫలానా కంపెనీ ఓపెన్ సోర్స్ చేసింది" అని వార్త రాగానే నాకు సంతోషంగానే ఉంటుంది. నేను నేర్చుకున్నదంతా ఇంకొకరు రాసిన కోడ్ చదివే నేర్చుకున్నాను. అందుకే ఆ మాట విన్న ప్రతిసారీ కోడ్ దింపి చూస్తాను. చాలామంది ముందు లైసెన్స్ చూస్తారు. నేను ముందు గిట్ లాగ్, అంటే కోడ్‌లో జరిగిన మార్పుల చిట్టా, చూస్తాను. ఎవరు ఏ మార్పు చేశారు, ఎందుకు చేశారు, ఏది పెట్టి మళ్లీ ఎందుకు తీసేశారు, ఈ చరిత్ర ఉంటే ఆ కోడ్ మనతో మాట్లాడుతుంది. లేకపోతే అది మూట. మూట కట్టి గుమ్మం బయట పెట్టి తలుపేసుకున్నట్టు.

ఆపిల్‌తో మొదలుపెడదాం. ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్నది ఎక్స్ఎన్‌యూ. మ్యాక్‌లో, ఐఫోన్‌లో నడిచే కెర్నెల్, అంటే హార్డ్‌వేర్‌కీ యాప్‌లకీ మధ్య ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఇదే. 1999లో డార్విన్ పేరుతో ఆపిల్ దీన్ని తెరవడం మొదలుపెట్టింది, ఇప్పటికీ కొత్త మ్యాక్‌ఓఎస్ వచ్చాక దానికి తగ్గ కోడ్ పెడుతూనే ఉంది. పాతికేళ్లు దాటినా ఆపకపోవడం చిన్న విషయం కాదు, ఆ గౌరవం ఇచ్చి తీరాలి.

లోపలికి వెళ్దాం. ఇదిగో ఓఎస్ఎఫ్ఎంకే అనే ఫోల్డర్, ఇది మాక్ (Mach, ఆపిల్ మ్యాక్ కాదు) అనే కెర్నెల్ వారసత్వం, కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధనలోంచి వచ్చింది. దాని పక్కన బీఎస్‌డీ అనే యూనిక్స్ నుంచి వచ్చిన ఫోల్డర్. ప్రాసెస్‌లు, ఫైళ్లు, నెట్‌వర్క్ అన్నీ ఇక్కడ. డ్రైవర్ల కోసం ఐఓకిట్. బీఎస్‌డీలో కెర్న్ ఎగ్జెక్ డాట్ సీ అనే ఫైల్ తెరుస్తున్నాను, చూడండి. మనం షెల్ స్క్రిప్ట్ మొదటి లైన్‌లో హ్యాష్ గుర్తు, ఆశ్చర్యార్థకం పెట్టి బిన్ ఎస్‌హెచ్ అని రాస్తాం కదా. ఆ రెండు అక్షరాలను గుర్తుపట్టేది ఈ ఫంక్షనే, ఎగ్జెక్ షెల్ ఇమ్‌గ్యాక్ట్. ఫైల్ మొదటి రెండు బైట్లు చూస్తుంది. అవే అయితే ఆ తర్వాతున్న ఇంటర్‌ప్రెటర్ పేరు తీసుకుని, అసలు నడపాల్సింది దాన్ని అని తిరిగి చెబుతుంది. రోజూ వాడే చిన్న విషయం, అది జరిగే చోటు కళ్ల ముందు కనిపిస్తుంటే ఆ ఆనందమే వేరు.

ఇప్పుడు గిట్ లాగ్. ఒక్కో విడుదలకు ఒక్కో కమిట్, అంటే చిట్టాలో ఒక్క నమోదు. మెసేజ్ ఉండాల్సిన చోట వెర్షన్ నంబర్ తప్ప ఇంకో మాట లేదు. రెండు విడుదలల మధ్య వేల లైన్లు మారతాయి, ఒక్కదానికీ కారణం రాసి ఉండదు. భద్రతా పరిశోధకులు పాత వెర్షన్‌నీ కొత్త వెర్షన్‌నీ పక్కపక్కన పెట్టి, ఏ లోపం సరిచేశారో తామే ఊహించుకుంటారు. మీరు ఒక మంచి మార్పు రాసి పంపినా, ఇక్కడి నుంచి అది తిన్నగా రేపటి మ్యాక్‌ఓఎస్‌లోకి చేరే దారి లేదు.

ఇంకో సంగతి, డార్విన్ అంటే మొత్తం మ్యాక్ అనుకోకండి. కిటికీలు, మెనూలు, ఫైండర్, యాప్‌కిట్ ఇవేవీ ఇందులో లేవు. ఉన్నది కెర్నెల్, దాని చుట్టూ ఉన్న లైబ్రరీలు, టూల్స్. కెర్నెల్ బిల్డ్ చేయడానికి, అంటే కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడానికి కూడా దీనికి ముందు వేరే ప్రాజెక్టులు కొన్ని బిల్డ్ చేసుకోవాలి. ఇక మీరు బిల్డ్ చేసిన కెర్నెల్‌ని ఐఫోన్‌లో పెడదామంటే కుదరదు, ఆపిల్ సంతకం లేనిదే అది బూట్ అవ్వదు. 2002లో ఆపిల్ సహకారంతోనే ఓపెన్‌డార్విన్ అనే సముదాయం మొదలైంది. 2006లో మూతపడింది. మ్యాక్ కోసం రాసే ప్రాజెక్టులకు చోటివ్వడం తప్ప డార్విన్ అనే సిస్టమ్‌ని ముందుకు తీసుకెళ్లలేకపోయామని వాళ్లే చెప్పుకున్నారు.

లైసెన్స్ గురించి ఒక మంచి మాట కూడా చెప్పాలి. 1999 నాటి ఆపిల్ పబ్లిక్ సోర్స్ లైసెన్స్‌ని సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ కోసం పనిచేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఒప్పుకోలేదు. మీరిచ్చిన హక్కుని మీరే వెనక్కి తీసుకోగలిగితే అది స్వేచ్ఛ ఎలా అవుతుంది అన్నది వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి. 2003లో వచ్చిన 2.0 వెర్షన్‌ని స్వేచ్ఛా లైసెన్స్‌గా ఒప్పుకున్నారు. అడిగితే మారతారు, మార్పించవచ్చు అనడానికి ఇది సాక్ష్యం. ఎక్స్ఎన్‌యూ మీద నా మాట: చదువుకోవడానికి బంగారం. చేయి కలపడానికి మాత్రం తలుపు మూసే ఉంది.

ఇప్పుడు మైక్రోసాఫ్ట్. ఎంఎస్-డాస్, విండోస్‌కి ముందు పీసీల్లో నడిచిన ఆపరేటింగ్ సిస్టమ్. 2014లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా తొలి వెర్షన్ల కోడ్ ఇచ్చారు, అప్పట్లో పరిశోధనకు మాత్రమే. 2018లో 1.25, 2.0 వెర్షన్లను గిట్‌హబ్‌లో ఎంఐటీ లైసెన్స్‌తో పెట్టారు. 2024 ఏప్రిల్‌లో ఐబీఎంతో కలిసి 4.00 కూడా ఇచ్చారు. ఎంఐటీ అంటే ఇంక ఆంక్షలు దాదాపు లేనట్టే.

1.25లో ఎంఎస్‌డాస్ డాట్ ఏఎస్ఎం తెరుస్తున్నాను. నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చదివిన ఫైల్ ఇదేనేమో. అన్‌ప్యాక్ అనే రొటీన్ దగ్గర ఆగుదాం. ఫ్లాపీలో ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే ఫ్యాట్ పట్టికలో ఒక్కో క్లస్టర్‌కి (డిస్క్‌లో ఒక ముక్కకి) 12 బిట్లు, అంటే ఒకటిన్నర బైటు. మరి ఫలానా క్లస్టర్ ఎంట్రీ ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి? క్లస్టర్ నంబర్‌కి అందులో సగం కలుపుతాడు ఇది రాసినాయన, అంతే, చోటు దొరికింది. సగం చేసేటప్పుడు కుడివైపుకి ఒక బిట్ జరుపుతాడు కదా, పడిపోయిన బిట్ ప్రాసెసర్‌లో క్యారీ ఫ్లాగ్ అనే ఒక్క బిట్ చోటులోకి వెళ్తుంది. నంబర్ బేసి అయితే క్యారీ ఒకటి, సరి అయితే సున్నా. బేసి అయితే తీసిన విలువని నాలుగు బిట్లు జరుపుతాడు. ఆ జరపడంలో క్యారీ చెడిపోతుంది కాబట్టి మళ్లీ ఒకటి పెడతాడు. చివర్లో ఒక్క ఆర్‌సీఎల్ (ఎడమవైపుకి తిప్పే) ఇన్‌స్ట్రక్షన్‌తో ఆ క్యారీని వెనక్కి తోసి, సగమైన నంబర్‌ని మళ్లీ మొదటిలా చేసేస్తాడు. ఒక్క బైటు కూడా వృథా పోలేదు. పట్టిక పాడైపోతే ఎగిరే లేబుల్ పేరు చూడండి, హర్ట్‌ఫ్యాట్. ఇది టిమ్ ప్యాటర్‌సన్ చేతి పని. 86-డాస్‌గా ఆయన రాసినదాన్నే మైక్రోసాఫ్ట్ 1981లో కొనుక్కుంది.

కానీ 4.00 విడుదలలో ఒక పొరపాటు జరిగింది, అది చెప్పకపోతే రివ్యూ పూర్తవ్వదు. ఆ పాత ఫైళ్లలో గీతలు, పెట్టెలు గీయడానికి వాడే ప్రత్యేక అక్షరాలుంటాయి, కోడ్ పేజీ 437 అంటారు. ఒక్కో అక్షరం ఒక్క బైటు. గిట్‌లో పెట్టేటప్పుడు వాటిని యూటీఎఫ్-8 అనే నేటి పద్ధతిలోకి మార్చేశారు. ఒక బైటు ఉన్నచోట రెండు మూడు బైట్లు వచ్చాయి, ఆ కాలపు అసెంబ్లర్‌కి ఇవి మింగుడుపడవు. ఫైళ్ల అసలు తేదీలూ పోయాయి. పాత సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్లు చెడిన ఫైళ్లను ఒక్కొక్కటిగా వెతికి సరిచేసుకుని, అప్పుడు బిల్డ్ చేసుకోవాల్సి వచ్చింది. జిప్ చేసి ఉన్నది ఉన్నట్టు ఇచ్చి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. పాత కోడ్‌ని ఇచ్చేవాళ్లు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, దయచేసి ఫైళ్లను శుభ్రం చేయకండి. ఆ తేదీలు కూడా చరిత్రే.

ఇక్కడ రీడ్‌మీలో, ఇవి చారిత్రక అవసరం కోసం, మార్పులు పంపకండి అని స్పష్టంగా రాశారు. దీన్ని నేను తప్పుపట్టను. ఇది మ్యూజియం, మ్యూజియం అనే చెప్పారు.

అలా చెప్పకుండా ఇచ్చేవి ఉంటాయి, నా కోపమంతా అక్కడే. ఒకసారి నా పాత ఫోన్‌లో వైఫై డ్రైవర్ లోపం సరిచేద్దామని కూర్చున్నాను. తయారుచేసిన కంపెనీ పేరు చెప్పను. అప్‌డేట్లు ఆపేశారు, కెర్నెల్ సోర్స్ మాత్రం సైట్‌లో ఉంది. దింపాను. ఫోన్‌లో నడుస్తున్న వెర్షన్ ఒకటి, అందులో ఉన్నది దానికంటే పాతది. ఆ మోడల్‌కి కావాల్సిన డెఫ్‌కాన్ఫిగ్, అంటే బిల్డ్ సెట్టింగ్‌ల ఫైల్ లేదు. దగ్గరి మోడల్‌ది పెట్టి బిల్డ్ చేశాను, బూట్ అయింది, టచ్ పనిచేయలేదు. మెయిల్ రాశాను. రెండు నెలల తర్వాత జవాబొచ్చింది, అదే లింకు మళ్లీ పంపారు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది లినక్స్ కెర్నెల్. దాని లైసెన్స్ జీపీఎల్ రెండో వెర్షన్. మీకిచ్చిన బైనరీకి, అంటే ఫోన్‌లో నడిచే తయారైన ప్రోగ్రామ్‌కి, సరిపడే పూర్తి సోర్స్ ఇవ్వాలి, కంపైల్ చేయడానికీ ఇన్‌స్టాల్ చేయడానికీ వాడిన స్క్రిప్టులతో సహా అని అందులో ఉంది. ఏదో ఒక సోర్స్ కాదు, ఆ బైనరీ సోర్స్. ఇది కంపెనీ దయ కాదు, మన హక్కు. కెర్నెల్ పైనున్న ఆండ్రాయిడ్ భాగం ఎక్కువగా అపాచీ లైసెన్స్‌లో ఉంటుంది, అక్కడ ఇలాంటి బాధ్యత లేదు. అందుకే 2011లో హనీకోంబ్ అనే ఆండ్రాయిడ్ వెర్షన్ ఉన్న టాబ్లెట్లు అమ్ముడవుతున్నా గూగుల్ ఆ కోడ్‌ని నెలల తరబడి ఇవ్వకుండా ఆపగలిగింది. తర్వాతి వెర్షన్ ఐస్‌క్రీమ్ శాండ్‌విచ్ వచ్చాక దాంతోపాటే ఆ కోడ్ కూడా బయటికొచ్చింది.

సరే, ఇప్పుడు నాకు బాగా ఇష్టమైనది. సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్, సొలారిస్. 2005 జనవరిలో, నడుస్తున్న సిస్టమ్ లోపల ఏం జరుగుతోందో చూపించే డీట్రేస్, జూన్‌లో మిగతా కెర్నెల్, సీడీడీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌తో ఓపెన్‌సొలారిస్‌గా విడుదలయ్యాయి. సర్వర్లలో అప్పటికీ డబ్బు తెస్తున్న సిస్టమ్ అది, మూలనపడ్డ వస్తువు కాదు. కోడ్‌తోపాటు డిజైన్ సమీక్షల కాగితాలు కూడా ఇచ్చారు.

సైక్లిక్ డాట్ సీ అనే ఫైల్ చూడండి. కెర్నెల్‌లో టైమర్లు నడిపేది. కోడ్ మొదలవ్వకముందే పేజీలకు పేజీలు కామెంట్. టైమర్ హార్డ్‌వేర్ చరిత్ర నుంచి మొదలుపెట్టి, టైమర్లను వరుసలో ఉంచే హీప్‌ని అక్షరాలతో బొమ్మ గీసి మరీ, ఏది ఎందుకు అలా పెట్టామో ఓపిగ్గా వివరిస్తారు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినట్టుంటుంది. ఇలాంటి ఫైళ్లు ఇందులో ఇంకా ఉన్నాయి.

2010 జనవరిలో సన్‌ని ఒరాకిల్ కొనేసింది. ఆ ఆగస్టుకల్లా కొత్త కోడ్ బయటికి రావడం ఆగిపోయింది. మామూలుగా అయితే కథ అక్కడితో కంచికి వెళ్లాలి. వెళ్లలేదు. అదే ఆగస్టులో, ఆ కోడ్‌నే కొనసాగించే ఇల్యూమోస్ ప్రాజెక్టు మొదలైంది. ఓపెన్‌సొలారిస్‌లో కొన్ని ముక్కలు అప్పటికీ మూసే ఉన్నాయి. సీ లైబ్రరీలో భాషలకు సంబంధించిన భాగం బైనరీగా మాత్రమే ఇచ్చేవారు. ఇల్యూమోస్ వాళ్లు చేసిన తొలి పనుల్లో దాన్ని తిరిగి రాయడం ఒకటి, కొంత ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఓపెన్ సోర్స్ సిస్టమ్ కోడ్ తెచ్చుకున్నారు. ఒక్కసారి సీడీడీఎల్ కింద ఇచ్చిన కోడ్‌ని కొత్త యజమాని వెనక్కి తీసుకోలేడు, అదే వాళ్లను కాపాడింది. సొలారిస్‌లోని ఫైల్ సిస్టమ్ జెడ్ఎఫ్ఎస్ అప్పటికే 2008లో ఫ్రీబీఎస్‌డీ 7.0లోకి వెళ్లింది. 2013లో ఓపెన్‌జెడ్ఎఫ్ఎస్ అని అందరినీ కలిపే ప్రాజెక్టు వచ్చింది. నా ఫొటోలు, ఈ వీడియోల ఫైళ్లు అన్నీ ఇవాళ ఉన్నది దాని మీదే. రాసిన కంపెనీ లేదు, కోడ్ ఉంది, రోజూ కొత్త కమిట్లు పడుతున్నాయి.

లైసెన్స్ ఒక్కటే చాలనుకుంటే పాత స్మార్ట్‌ఫోన్ల ఆపరేటింగ్ సిస్టమ్ సింబియన్ చూడాలి. నోకియా దాన్ని కొని, 2010 ఫిబ్రవరిలో ఫౌండేషన్ ద్వారా కోడ్ మొత్తం తెరిచింది. డిసెంబర్‌కల్లా ఫౌండేషన్ సైట్లు మూసేశారు. మరుసటి ఫిబ్రవరిలో నోకియా విండోస్ ఫోన్ వైపు వెళ్లిపోయింది. కోడ్ కాపీలు కొందరి దగ్గర ఉన్నాయి, లైసెన్స్ బాగానే ఉంది, కానీ పట్టుకుని నడిపేవాళ్లు మిగల్లేదు. సొలారిస్‌కి మాత్రం దాన్ని రాసిన ఇంజినీర్లే వేరే కంపెనీలకు వెళ్లి మరీ పని కొనసాగించారు. ఐదేళ్లు తలుపు తెరిచి ఉండటం వల్ల బయటివాళ్లు కూడా చేయి తిరిగినవాళ్లయ్యారు. సింబియన్‌కి ఆ ఐదేళ్లు దొరకలేదు. పది నెలలే.

అందుకే నా రేటింగ్‌లో ఓపెన్‌సొలారిస్ అన్నిటికంటే పైన, పదికి తొమ్మిది. మూసి ఉంచిన ఆ బైనరీలకు ఒకటి తగ్గించాను. ఎక్స్ఎన్‌యూకి ఆరు. డాస్‌కి మ్యూజియంగా ఎనిమిది, ఆ యూటీఎఫ్-8 పొరపాటు లేకపోతే ఇంకా ఎక్కువే ఇచ్చేవాడిని. సింబియన్‌కి నంబర్ ఇవ్వాలనిపించడం లేదు.

మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే ఇప్పుడే సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. అబౌట్ ఫోన్, అందులో లీగల్ ఇన్ఫర్మేషన్ లాంటిది ఉంటుంది, దాని కింద ఓపెన్ సోర్స్ లైసెన్స్‌లు. పేరు ఒక్కో ఫోన్‌లో కొంచెం వేరుగా ఉండొచ్చు. సోర్స్ ఎక్కడ దొరుకుతుందో సాధారణంగా అక్కడో, కంపెనీ సైట్‌లోనో రాసి ఉంటుంది. అబౌట్ ఫోన్‌లోనే కెర్నెల్ వెర్షన్ కూడా కనిపిస్తుంది, రాసుకోండి. సైట్‌లో ఉన్నది అదే వెర్షనా కాదా చూడండి. కాకపోతే మోడల్ నంబర్, బిల్డ్ నంబర్, కెర్నెల్ వెర్షన్ మూడూ రాసి మర్యాదగా మెయిల్ పెట్టండి. ఏ మోడల్, ఎన్ని రోజులకు జవాబొచ్చింది, ఇచ్చిన కోడ్ బిల్డ్ అయిందా లేదా, కింద కామెంట్లలో రాయండి. బిల్డ్ అయినవాటితో వచ్చే వీడియో చేస్తాను.