ఫైరింజన్ అవ్వాలని కోరుకునే పండగ: జపాన్ బాలబడుల్లో తనబాతా

[తెర మీద: జపాన్‌లో ఒక బాలబడి గుమ్మం. చెప్పుల అరల పక్కన పైకప్పుకు తగిలేంత వెదురుకొమ్మ. దాని నిండా రంగుకాగితాలు, పొడుగాటి చీటీలు.]

వాయిస్: జులై మొదటి వారంలో జపాన్ బాలబడుల గుమ్మాల్లో ఇలాంటి వెదురుకొమ్మ కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చీటీలు చదివితే నవ్వాగదు. ఒకరికి కేకుల కొట్టు పెట్టాలనుంది. ఇంకొకరు ఫైరింజన్ అవుతారట. దాన్ని నడిపే మనిషి కాదండోయ్, ఫైరింజనే! ఇంకొకరికి స్ట్రాబెర్రీ అయిపోవాలనుంది.

ఈ పండగ పేరు తనబాతా. జులై 7న వస్తుంది. చీటీని తన్‌జాకు అంటారు. కోరిక రాసి కొమ్మకు కట్టడమే పండగలో అసలు పని.

[తెర మీద: చెక్క చట్రంలో ఒక్కో బొమ్మ అట్టను పక్కకి లాగుతూ కథ చెబుతున్న టీచర్. ఎదురుగా నేల మీద కూర్చున్న పిల్లలు.]

వాయిస్: ఇలా అట్టలు మార్చుతూ కథ చెప్పడాన్ని కామిషిబాయ్ అంటారు. కథ చిన్నదే. ఆకాశ రాజు కూతురు ఒరిహిమె బట్టలు నేస్తుంది. ఆకాశగంగకు అవతలి ఒడ్డున హికోబొషి ఆవుల్ని కాస్తాడు. ఇద్దరికీ పెళ్లవుతుంది. ఇక చూస్కోండి, మగ్గం మూలపడింది, ఆవులు చిక్కిపోయాయి. రాజుకి కోపమొచ్చి చెరో ఒడ్డుకీ పంపేశాడు. ఏడాదికి ఒక్క రాత్రి, ఏడో నెల ఏడో రోజున మాత్రం కలుసుకోనిస్తాడు.

పని మానేస్తే ఇదే గతి అన్న నీతి పెద్దవాళ్ల కోసం. నాలుగేళ్ల పిల్లలకి అది పట్టదు. వాళ్ల టెన్షన్ అంతా ఒక్కటే: ఆ రోజు వానొస్తే? వానొస్తే నది పొంగుతుంది, అప్పుడు కాకి జాతికే చెందిన మాగ్‌పై పక్షులు రెక్కలు కలిపి వంతెన కడతాయని టీచర్ చెబుతారు.

ఆ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. జులై 7 నాటికి జపాన్‌లో చాలా చోట్ల వానాకాలం నడుస్తుంటుంది. నక్షత్రాల పండగే గానీ, నక్షత్రాలు కనిపించని ఏళ్లే ఎక్కువ. దీనికి కారణం క్యాలెండరు. 1873లో జపాన్ చాంద్రమానం వదిలి ఇప్పటి క్యాలెండరుకు మారింది. ఏడో నెల ఏడో రోజు అన్న అంకె మాత్రం అలాగే ఉంచేశారు. పాత లెక్కలో ఈ పండగ ఎక్కువగా ఆగస్టులో, వానలు వెనకబడ్డాక వచ్చేది. సెందాయ్ నగరంలో ఇప్పటికీ ఆగస్టు 6 నుంచి 8 వరకు చేస్తారు. నన్నడిగితే సెందాయ్ వాళ్లదే తెలివైన పని.

[తెర మీద: రాత్రి ఆకాశం. పాలపుంతకు అటూ ఇటూ రెండు ప్రకాశవంతమైన చుక్కలు.]

వాయిస్: ఈ చుక్కలు మనకి కొత్తవేం కాదు. ఒరిహిమె అంటే వేగా నక్షత్రం, మన అభిజిత్తు. హికోబొషి అంటే ఆల్టెయిర్, మన శ్రవణం. శ్రావణ మాసానికి ఆ పేరు ఇచ్చిన నక్షత్రమే. చాలా ఏళ్లలో పాత లెక్క ప్రకారం వచ్చే తనబాతా మన శ్రావణ శుద్ధ సప్తమికి ఒకటి రెండు రోజుల తేడాలో పడుతుంది. మబ్బు లేని ఆగస్టు రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కితే రెండూ దాదాపు నడినెత్తిన ఉంటాయి. వాటి మధ్య దూరం సుమారు 15 కాంతి సంవత్సరాలు. ఈ లెక్క మాత్రం పిల్లలకి చెప్పకండి.

[తెర మీద: చిన్న చేతులు, మొన తిరిగిన కత్తెరలు, రంగుకాగితాల ముక్కలు.]

వాయిస్: బడిలో పండగ జూన్‌లోనే మొదలవుతుంది. నన్ను బాగా ఆకట్టుకున్న భాగం ఇదే. కొమ్మను జాగ్రత్తగా చూస్తే ఏ తరగతి వాళ్లు ఏది చేశారో చెప్పేయొచ్చు. ఏడాది నిండని పసివాళ్ల పాదానికి రంగు పూసి కాగితం మీద అద్దుతారు, అదే వాళ్ల అలంకారం. మూడేళ్ల వాళ్లకి సన్నటి కాగితం పట్టీ ఇస్తారు. కత్తెర ఒక్కసారి మూస్తే ముక్క తెగి పడాలి, అంతే. ఇంకో ఏడాది పెద్దవాళ్లు పట్టీలను జిగురుతో వలయాలుగా అతికించి గొలుసు కడతారు. అయిదేళ్లు దాటిన వాళ్లది వల. కాగితాన్ని మడిచి, ఒకసారి ఈ వైపు నుంచి, ఒకసారి ఆ వైపు నుంచి గాట్లు పెట్టాలి. చివరిదాకా కోయకూడదు. చెయ్యి ఆగాల్సిన చోట ఆగకపోతే కాగితం రెండు ముక్కలు. ఆగితే, విప్పి లాగగానే బారెడు వల సాగుతుంది. పాతకాలంలో ఈ వల చేపలు బాగా పడాలన్న కోరికకు గుర్తు. పిల్లలకి మాత్రం అది కత్తెర మీద పట్టు వచ్చిందనడానికి గుర్తు.

ఇక కోరికలు. చిన్న తరగతుల్లో టీచర్ పిల్లల్ని అడిగి రాస్తారు, లేదా చీటీ ఇంటికి పంపి అమ్మానాన్నల చేత రాయిస్తారు. పసివాళ్లయితే "ఆరోగ్యంగా పెరగాలి" అని పెద్దవాళ్ల కోరికే ఉంటుంది. మాటలొచ్చిన పిల్లల దగ్గర అలా చేయకూడదని నా అభిప్రాయం. స్ట్రాబెర్రీ అంటే స్ట్రాబెర్రీ అనే రాయాలి. "డాక్టర్ అవుతానని చెప్పమ్మా" అని పక్కనుంచి అందించామా, ఆ చీటీ మనదైపోయినట్టే. జపాన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకీ ఈ చీటీ ఇంటికొస్తుంది, కాబట్టి ఈ మాట వాళ్లకి కూడా.

పెద్ద తరగతి పిల్లలు తామే హిరగానా అక్షరాల్లో రాసుకుంటారు. కొన్ని అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. అలాగే కట్టేస్తారు. అక్కడి బాలబడుల మార్గదర్శకాలు అక్షరాల మీద ఆసక్తి కలగాలంటాయి గానీ దిద్దించమని చెప్పవు. 2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో సంప్రదాయ పండగలకు చిన్నప్పటి నుంచే దగ్గరవ్వాలన్న మాట కూడా ఉంది.

అసలు ఈ పండగకీ రాతకీ సంబంధం పాతదే. చైనా నుంచి వచ్చిన ఈ ఆచారంలో మొదట రాజాస్థానం వాళ్లు కుట్టుపని, చేతిరాత మెరుగుపడాలని కోరుకునేవారు. ఎడో కాలానికి, అంటే 17-19 శతాబ్దాల నాటికి, అది వీధిబడి పిల్లల దాకా వచ్చింది. తెల్లవారుజామున చామాకుల మీది మంచునీళ్లు పోగుచేసి, వాటితో సిరా నూరి, దస్తూరి బాగుపడాలని చీటీలు రాసేవాళ్లు. ఫైరింజన్లు తర్వాత వచ్చాయి.

[తెర మీద: మధ్యాహ్నం భోజనం. గిన్నెలో సన్నటి తెల్లని నూడుల్స్, పైన ఆకుపచ్చ చుక్కలు.]

వాయిస్: ఆ రోజు భోజనంలో సోమెన్ అనే సన్నటి గోధుమ నూడుల్స్ చల్లగా పెడతారు. పైన కనిపిస్తున్న నక్షత్రాలు ఏంటో గుర్తుపట్టారా? బెండకాయ ముక్కలు! అడ్డంగా చక్రాల్లా కోస్తే చాలు, అచ్చు వేసే పనే లేదు. బెండకాయ జిగురని ముఖం తిప్పుకునే పిల్లలు మన దగ్గర కూడా ఉన్నారు కాబట్టి ఈ చిట్కా రాసిపెట్టుకోండి.

[తెర మీద: సాయంత్రం, సైకిల్ వెనక సీట్లో పిల్లాడు, చేతిలో చిన్న వెదురు రెమ్మ.]

వాయిస్: పూర్వం పండగయ్యాక కొమ్మను నదిలోనో సముద్రంలోనో వదిలేవాళ్లు. నీళ్లు పాడవుతాయని ఇప్పుడు చాలాచోట్ల మానేశారు. చాలా బడుల్లో ఎవరి అలంకారాలు వాళ్లకి కట్టి ఇంటికి పంపేస్తారు. వెదురాకులు తెంపిన ఒకటి రెండు రోజులకే ఎండి చుట్టుకుపోతాయి కాబట్టి గుమ్మం దగ్గర ఊడ్చే పనీ బాగానే ఉంటుంది. ఈలోగా బడి ఆవరణలో నీళ్ల ఆటల కాలం మొదలై ఉంటుంది. తువ్వాళ్లు, ఈత టోపీలు సంచిలో పెట్టారో లేదో చూసుకునే హడావిడిలో పడతారు ఇంటివాళ్లు.