వచ్చిన బిడ్డను తిప్పి పంపొద్దు

శ్రోతలందరికీ నమస్కారం.

నేను చిత్తూరు జిల్లాలో ఏఎన్ఎంగా చేరి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. పలమనేరు వైపు పల్లెల్లో కొన్నేళ్లు, చంద్రగిరి వైపు కొన్నేళ్లు, ఆఖర్లో తిరుపతి టౌన్‌లో పనిచేశాను. పిల్లలు నన్ను సూదులమ్మ అనేవాళ్లు. నేను వీధి మొదట్లో కనిపిస్తే చాలు, తలుపుల వెనక దాక్కునేవాళ్లు. అలా దాక్కున్న ఆడపిల్లలే ఇప్పుడు తమ బిడ్డల్ని ఎత్తుకుని టీకాలకు వస్తున్నారు.

ఈ రోజు పిల్లల టీకాల్లో కొన్నేళ్లుగా వచ్చిన మార్పుల గురించి చెప్తాను. అవి టీకాలు వేసే సిబ్బందికి చెప్పాల్సినవి కదా, రేడియోలో అందరికీ ఎందుకని మీకు అనిపించవచ్చు. టీకాల బల్లకు ఒక పక్క నర్సమ్మ కూర్చుంటే, రెండో పక్క తల్లి నిలబడి ఉంటుంది. ఇద్దరిలో ఒక్కరికి సంగతి తెలిసినా ఆ బిడ్డ టీకా వేయించుకోకుండా ఇంటికి పోదు. నా బాధంతా అలా వెనక్కి పోయిన బిడ్డల గురించే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగింది చెప్తాను. ఒక అవ్వ తొమ్మిది నెలల మనవరాలిని చంకనేసుకుని నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చింది. బిడ్డకు ముక్కు కారుతోంది, ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది. "జలుబు తగ్గాక తీసుకురా అవ్వా" అని పంపేశాను. జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను. అవ్వ మళ్లీ రాలేదు. వేరుశనక్కాయ పీకే కాలం, ఎవరికి తీరిక ఉంటుంది? మూడు నెలలకు ఆ ఊళ్లో తట్టు వచ్చింది. బిడ్డకు ఒళ్లంతా పోసింది, తర్వాత భేదులు పట్టుకున్నాయి. పెద్దాసుపత్రిలో పది రోజులుంచితే బతికింది, కానీ చెవిలో చీము మాత్రం చాలా కాలం కారింది. నేను చూడ్డానికి పోతే అవ్వ నన్ను తిట్టలేదు. "ఆ పొద్దు మేం వచ్చినాం గదమ్మా" అంది, అంతే. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

జలుబు, దగ్గు, కొద్దిపాటి జ్వరం, ఒకటి రెండు నీళ్ల విరేచనాలు, బరువు తక్కువ ఉండటం, వీటిలో ఏదీ టీకా ఆపడానికి కారణం కాదు. నిజానికి బక్కచిక్కిన బిడ్డకే టీకా ఎక్కువ అవసరం. ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బు చేసి ఉంటే తగ్గేదాకా ఆగాలి. ఇంతకు ముందు డోసు వేసినప్పుడు ఊపిరాడకపోవడం, ఒళ్లంతా దద్దుర్లు లేచి పడిపోవడం లాంటివి జరిగి ఉంటే ఆ టీకా మళ్లీ వేయకూడదు, డాక్టర్‌కు చూపించాలి. వచ్చినవాళ్లలో ఇలాంటి బిడ్డలు ఎక్కడో ఒకరుంటారు. మేం తిప్పి పంపిన వాళ్లలో చాలామందికి ఉన్నది జలుబే.

ఇక తొమ్మిదో నెల సంగతి. ఇప్పుడు గొడవంతా ఇక్కడే. మా కాలంలో తొమ్మిదో నెలలో తట్టు సూది ఒకటి, విటమిన్ ఏ చుక్కలు, అంతే. 2017లో మన రాష్ట్రంలో దాని స్థానంలో తట్టుకూ రుబెల్లాకూ కలిపి ఎంఆర్ టీకా వచ్చింది. 2021లో నిమోనియా రాకుండా వేసే పీసీవీ వచ్చింది, ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో బూస్టర్. 2023 జనవరి నుంచి పోలియో సూది మూడో డోసు కూడా తొమ్మిదో నెలలోకే చేరింది. అంటే ఒకే పూట మూడు సూదులు. కొన్ని జిల్లాల్లో మెదడువాపు టీకా కూడా కలుస్తుంది.

ఇది చూసి ఇంట్లో పెద్దవాళ్లు హడలిపోతారు. "పసిబిడ్డకు ఇన్ని పోట్లా? ఈ రోజు ఒకటి వేయండి, మిగిలినవి వచ్చే నెల చూద్దాం" అంటారు. సిబ్బందిలో కూడా కొందరు సరేనంటారు. ఆ వచ్చే నెల చాలాసార్లు రాదు. మూడు టీకాలు ఒకే రోజు మూడు చోట్ల వేస్తే ఒకదాని పనికి ఇంకొకటి అడ్డం పడదు, ప్రమాదమూ పెరగదు. బిడ్డ ఏడ్చేది ఒక్క పూట. ఎంఆర్ కుడి భుజానికి, పోలియో సూది ఎడమ భుజానికి, పీసీవీ తొడకు. మొదటి రెండు పోలియో సూదులూ కుడి భుజానికి వేసి, మూడోది ఎడమకు మార్చారు కాబట్టి అలవాటు కొద్దీ చెయ్యి తప్పే అవకాశం ఉంది. తల్లి కూడా గమనించి అడిగితే మంచిదే, అందులో తప్పు లేదు.

పోలియో చుక్కలు వేస్తూనే సూది ఎందుకని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పోలియో వైరస్‌లో మూడు రకాలున్నాయి. 2016 ఏప్రిల్ నుంచి చుక్కల మందులో ఒకటో రకం, మూడో రకం మాత్రమే ఉంటున్నాయి. సూదిలో మూడూ ఉంటాయి. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజంగా తిరిగే పోలియో వైరస్ వల్ల కేసు రాలేదు, 2014 మార్చిలో సర్టిఫికెట్ కూడా వచ్చింది. అయినా వైరస్ ఇంకా ప్రపంచం నుంచి పోలేదు. ఏ రోజు చూసినా ఎన్నో రాష్ట్రాల నుంచి, దేశాల నుంచి జనం వచ్చిపోయే తిరుపతిలో ఉండి మనం ఆ మాట మరవకూడదు.

కొండ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. తొమ్మిదో నెలకూ ఏడాదికీ మధ్య మన ఇళ్లలో పుట్టువెంట్రుకల మొక్కు ఉంటుంది. "సూదేస్తే జ్వరమొస్తుంది, కొండకు పోయి గుండు కొట్టించుకొచ్చాక వేయిద్దాం" అని వాయిదా వేస్తారు. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటా లాంటి టీకాకు జ్వరం వస్తే ఆ రోజో, మర్నాడో వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఎంఆర్‌కు మాత్రం వస్తే వారం పది రోజుల తర్వాత వస్తుంది, అదీ అందరికీ రాదు. ఈ లెక్క చెప్తే ఇంటివాళ్లే తేదీ చూసుకుంటారు. నేను ముందు టీకా, తర్వాత కొండ అని చెప్పేదాన్ని. మొక్కు అడ్డమని టీకా మానేసిన ఇల్లు తక్కువే, జ్వరం ఎప్పుడొస్తుందో చెప్పకపోవడమే మా లోపం.

ఇప్పుడు సిబ్బందికి ఒక మాట. క్షయ రాకుండా వేసే బీసీజీ, ఎంఆర్ సీసాల్లో ఒక్కోదానిలో ఎక్కువ మందికి సరిపడా మందు ఉంటుంది. ఒక్కసారి నీళ్లు కలిపితే నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. నాలుగు గంటల తర్వాత అందులో సూక్ష్మజీవులు పెరిగితే బిడ్డ ప్రాణానికే ముప్పు. ఆ నియమం విషయంలో రాజీ లేదు. కానీ దాని వల్ల ఇంకో టెన్షన్ పట్టుకుంటుంది. ఒక్క బిడ్డ కోసం సీసా తెరిస్తే మిగతా మందు వృథా అవుతుందే, పైవాళ్లు అడుగుతారే అని. అందుకని "ఇంకో ఇద్దరు రానీ", "వచ్చే బుధవారం రామ్మా" అంటాం. నేనూ అన్నాను. కానీ ప్రభుత్వం చెప్పేది వేరు, ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలి. పారేసిన నాలుగు డోసుల ఖరీదు తట్టుతో పది రోజులు ఆసుపత్రిలో ఉన్న బిడ్డ కష్టంతో పోలిస్తే ఏపాటిది?

పెంటా, పీసీవీ, ధనుర్వాతానికీ కంఠసర్పికీ వేసే టీడీ, పోలియో మందులకు ఈ భయమే అక్కర్లేదు. తెరిచిన తేదీ, టైము సీసా మీద రాసి, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచితే 28 రోజుల దాకా వాడుకోవచ్చు. గడువు తేదీ దాటకూడదు. సీసా మీద గుండ్రటి గుర్తు లోపల చిన్న చదరం ఉంటుంది. ఆ చదరం చుట్టూ ఉన్న రంగు కంటే తెల్లగా ఉన్నంత కాలం మందు మంచిదే, రంగు కలిసిపోతే పనికిరాదు. ఎండాకాలం రేణిగుంటలో ఆటో దిగి నడిచే ఏఎన్ఎం ఎండకు భయపడి క్యారియర్‌లో గడ్డకట్టిన ఐస్‌ప్యాక్‌లు అలాగే పెట్టేస్తుంది. అది ఇంకో పొరపాటు. పెంటా, పీసీవీ, టీడీ గడ్డకడితే పాడైపోతాయి. ఐస్‌ప్యాక్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపండి, లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే క్యారియర్‌లో పెట్టండి.

ఆలస్యమైన బిడ్డల మాట చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. "టైము దాటిపోయింది కదా, ఇప్పుడేం లాభం" అని తల్లులు సిగ్గుపడి రారు. వచ్చినా కొన్నిచోట్ల చీవాట్లు పడతాయి, ఆ తర్వాత అసలే రారు. ఏడాది లోపు పెంటా ఒక డోసు పడి ఉంటే మిగిలినవి ఏడాది దాటాక కూడా నాలుగేసి వారాల తేడాతో పూర్తి చేయొచ్చు. మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. ఒక్క డోసు కూడా పడకుండా ఏడాది దాటితే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా డీపీటీ ఏడేళ్ల దాకా వేయొచ్చు. ఎంఆర్ ఐదేళ్ల దాకా, నెల తేడాతో రెండు డోసులు. పోలియో చుక్కలకూ ఐదేళ్ల దాకా టైముంది. బీసీజీకి మాత్రం ఏడాది దాటకూడదు. పుట్టినప్పటి కామెర్ల టీకా అయితే 24 గంటల్లోనే పడాలి, కాన్పు జరిగిన చోటే అడిగి వేయించండి.

చివరిగా కార్డు. కాన్పుకు పుట్టింటికి పోయిన ఆడపిల్ల మొదటి టీకాలు అక్కడ వేయిస్తుంది. కొందరికి ఆ పుట్టిల్లు తమిళనాడులో ఉంటుంది. కుప్పం వాళ్లు పనికి బెంగళూరు పోతారు. ఇలాంటి వాళ్ల కోసమే యూవిన్ అని ప్రభుత్వం వాళ్ల ఆన్‌లైన్ టీకాల రికార్డు వచ్చింది. ఫోన్ నంబర్‌తో బిడ్డ పేరు ఎక్కిస్తే ఏ ఊళ్లో ఏ డోసు పడిందో ఇంకో ఊళ్లో చూసుకోవచ్చు. అయినా ఫోన్ మారుతుంది, నంబర్ పోతుంది. అప్పుడు మా ఊరి బిడ్డ కాదని పంపేయడం అన్యాయం. గుర్తులేని డోసును వేయని డోసుగా లెక్కపెట్టి వేయాలి.

రిటైరయ్యే ముందు ఒక ఇటుక బట్టీకి పోయాం. ఏడాదిన్నర బిడ్డతో ఒక తల్లి పక్కకు నిలబడింది. కార్డు వానకు తడిసి పోయిందట, తిడతామని భయం. బిడ్డ ఎడమ భుజం చూస్తే బీసీజీ మచ్చ ఉంది. "ఒకటి పడిందిలే తల్లీ, మిగిలినవి చూద్దాం రా" అన్నాను. ఆ రోజు ఇవ్వాల్సినవి వేశాం, కొత్త కార్డు రాసిచ్చాం, తిరిగి రావాల్సిన తేదీ రెండుసార్లు చెప్పాం, అరగంట కూర్చోబెట్టాం. ఆమె గుడిసెలోకి పోయి పాల కవర్ తెచ్చి కడిగి, తుడిచి, కార్డును అందులో మడిచి పెట్టి బియ్యం డబ్బా అడుగున దాచింది. నెల తిరిగేసరికి ఆ కవర్‌తోనే వచ్చింది.

నమస్కారం.