మన కొండలకి ఏ బేస్ లేయర్ కొనాలి? కాటన్, పాలిస్టర్, మెరినో, బాంబూ అన్నీ వేసి చూశాం

నమస్తే అండీ, అందరూ బాగున్నారా. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. ఇదిగో, ఈ మంచం మీద పరిచినవన్నీ ట్రెక్కింగ్‌లో అన్నిటికన్నా లోపల, ఒంటికి ఆనుకునేలా వేసుకునే టాప్‌లు. బేస్ లేయర్లంటారు. చూడ్డానికి అన్నీ టీషర్టుల్లానే ఉంటాయి, ధర మాత్రం మూడు వందల నుంచి మొదలై వేలల్లోకి వెళ్ళిపోతుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మన వైపు కొండలకి బేస్ లేయర్‌ని వెచ్చదనం కోసం కొనకండి. చెమట ఎంత తొందరగా వదిలించుకుంటుందో చూసి కొనండి. ఈ ఒక్క విషయం పట్టుకుంటే షాపులో సగం సరుకు మీరు చూడక్కర్లేదు.

నెట్‌లో ఉన్న రివ్యూలు చాలామటుకు మంచు పడే చోట్ల వాళ్ళు చేసినవి. వాళ్ళ లెక్క వేరు. మనది సముద్రానికి దగ్గరి ఊరు. పొద్దున్నే రామతీర్థం బోధికొండ మెట్లెక్కినా, ఎస్.కోట దగ్గర పుణ్యగిరి ఎక్కినా, సగం దారిలోనే చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. గాలిలోనే అంత తేమ ఉన్నప్పుడు చెమట ఇంక ఎటు పోతుంది? అందుకే బట్ట ఎంత మంచిదైనా కాస్త వదులుగా ఉండి, లోపలికి గాలి ఆడితేనే పని చేస్తుంది. ఒంటికి పట్టేసినట్టుండే కంప్రెషన్ టాప్‌లు వేసుకుని ఫొటోలు దిగుతుంటారు చూడండి, అవి మన ఎండకి కావు.

కానీ అసలు పరీక్ష మహేంద్రగిరి దగ్గర. మందస వైపు నుంచి చూసినవాళ్ళకి తెలుసు, ఆ కొండ ఆకాశానికి అడ్డంగా నిలబడి ఉంటుంది. శిఖరం ఒడిశా గజపతి జిల్లాలోకి వస్తుంది, ఎత్తు 1,501 మీటర్లు. ఎత్తుకి వెళ్ళేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే కింద జీడితోటల్లో ఉక్కపోతగా ఉన్న రోజున కూడా పైన తొమ్మిది, పది డిగ్రీలు తక్కువ. దానికి తోడు మబ్బు, గాలి. ఎక్కేటప్పుడు చెమటతో తడిసి ముద్దయిపోతాం, పైన పాండవుల పేరు మీద ఉన్న ఆ రాతి గుళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చోగానే గాలి కొడుతుంది. బట్ట సంగతి బయటపడేది అప్పుడే.

మా బావ కాటన్ టీషర్టులో వచ్చాడు. ఎక్కుతున్నంతసేపూ హాయిగా ఉందన్నాడు, నిజంగానే ఉంటుంది. పైన కూర్చున్న కాసేపటికి, "ఒరే, వీపంతా జిల్లుమంటోందిరా, నీ బ్యాగులో ఇంకో చొక్కా ఉందా?" అని అడిగాడు. చెయ్యి పెట్టి చూస్తే బ్యాగు ఆనిన చోటంతా తడి, గాలికి మంచులా చల్లగా ఉంది. నాది మెరినో, అంటే మెరినో జాతి గొర్రెల సన్నటి ఉన్నితో చేసిన టాప్. అదీ తడిగానే ఉంది, కాకపోతే ఆ చలి ఒంటికి తగల్లేదు.

దీని వెనకాల ఉన్నది మామూలు సైన్సే. ఒక లీటరు చెమట ఆవిరవ్వడానికి దాదాపు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి, అది మన ఒంట్లోంచే పోతుంది. ఎక్కేటప్పుడు మనకి కావలసింది అదే. ఆగాక కూడా చొక్కా తడిగానే ఉంటే ఆ వేడి పోతూనే ఉంటుంది. పైగా కదలని గాలితో పోలిస్తే నీళ్ళు వేడిని ఇరవై రెట్లకి పైగా వేగంగా లాగేస్తాయి. మా బావకి జరిగింది ఇదే.

సరే, ఇంక ఇంట్లో చేసిన పరీక్షలు చూద్దాం. వంటింట్లో చింతపండు తూచే చిన్న కాటా ఇది. ఒక్కో టాప్‌నీ పొడిగా తూచి, బకెట్లో ముంచి, గట్టిగా పిండి, మళ్ళీ తూచాం. కాటన్ పిండాక కూడా దగ్గర దగ్గర తన బరువంత నీళ్ళు పట్టుకుని కూర్చుంది. పాలిస్టర్‌లో మిగిలింది చాలా తక్కువ. డాబా మీద దండెం మీద పక్కపక్కనే వేస్తే పాలిస్టర్ ముందు ఆరింది, తర్వాత పల్చటి మెరినో, తర్వాత బాంబూ. కాటన్ చంకల దగ్గర, అంచు కుట్టు దగ్గర ఆఖరి దాకా తడిగానే ఉంది.

కారణం పోగులోనే ఉంది. మామూలు గాలిలో పాలిస్టర్ పోగు తన బరువులో 0.4 శాతం తేమే పీలుస్తుంది. కాటన్ సుమారు 8 శాతం, ఉన్ని 16 శాతం దాకా. ఇక్కడే చాలామందికి అనుమానం వస్తుంది. ఉన్ని ఎక్కువ పీలుస్తుందంటే ఇంకా తడిగా ఉండాలి కదా అని. ఉన్ని పీల్చేది ఆవిరిని, అదీ పోగు లోపలికి. పోగు పైపొర నీటిని తోసేస్తుంది. తన బరువులో 30 శాతం దాకా తేమ పట్టినా చేతికి తడిలా అనిపించదు. అలా పీల్చేటప్పుడు కొద్దిగా వేడి కూడా పుడుతుంది. మహేంద్రగిరి మీద నాకు చలి తగలకపోవడానికి కొంత కారణం అదే.

ఈ చుక్క పరీక్ష దగ్గర్నుంచి చూడండి, నాకు చాలా నచ్చింది. స్పూనుతో ఒక్క చుక్క పాలిస్టర్ మీద వేస్తున్నాను. చూశారా, పడీ పడగానే పాకిపోయింది. రూపాయి బిళ్ళంత ఉన్నది అంతకంతకీ పెద్దదవుతోంది. ఆ సన్నటి పోగుల మధ్య సందుల్లోంచి నీళ్ళు లాక్కుపోతాయి. తడి ఎంత వెడల్పుగా పరుచుకుంటే అంత తొందరగా ఆరుతుంది. ఇప్పుడు కొత్త మెరినో మీద. చుక్క గుండ్రంగా అలాగే నిలబడింది, తామరాకు మీద నీటిబొట్టులాగ. కాసేపాగితే మెల్లగా దిగుతుంది. రెండు బట్టలవీ రెండు దార్లు.

మరైతే ఏది కొనాలి? నన్నడిగితే మన జిల్లాల్లో పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే కొండలకి పల్చటి పాలిస్టరే కొనండి. 120 నుంచి 150 జీఎస్ఎం మధ్యలో ఉండాలి. జీఎస్ఎం అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క, చాలా కంపెనీలు లేబుల్ మీదో, వివరాల్లోనో వేస్తున్నాయి. వెయ్యని చోట షాపులో బట్టని వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. వెనకున్న చేతి వేళ్ళ ఆకారం లీలగా కనిపిస్తే మనకి సరైన మందం. ఆటల సామాన్లు అమ్మే ఏ షాపులోనైనా ఐదారు వందల్లోపు దొరుకుతుంది.

దీనికి ఒకటే లోపం, వాసన. ఒంటి మీది జిడ్డు పాలిస్టర్‌కి పట్టుకుని వదలదు, దాన్ని తిని బ్యాక్టీరియా పెరుగుతుంది. కొండ దిగి పలాసలో రైలెక్కి సీట్లో కూర్చున్నాక పక్కవాళ్ళు కిటికీ వైపు జరుగుతున్నారంటే అది పాలిస్టర్ పుణ్యమే. మెరినోకి ఈ బాధ చాలా తక్కువ. రాత్రి దండెం మీద ఆరేసి తెల్లారి మళ్ళీ వేసుకోవచ్చు. రెండు మూడు రోజులు కొండల్లోనే ఉండేవాళ్ళకి ఆ డబ్బు దండగ కాదు.

మెరినో అనగానే మన గొంగడి గుర్తొచ్చి, "అమ్మో, గుచ్చుకుంటుంది" అంటారు. గుచ్చుకోవడం పోగు లావుని బట్టి ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 19 మైక్రాన్ల కన్నా సన్నగా ఉంటే చాలామందికి గుచ్చుకోదు. లేబుల్ మీద ఆ అంకె వెతకండి. శాతం కూడా చూడండి. పెద్ద అక్షరాలతో మెరినో అని వేసి, లోపల చిన్న చీటీలో 20 శాతం ఉన్ని, మిగతాది యాక్రిలిక్ అని రాసినవి నా చేతికే వచ్చాయి. అలాంటివి ముట్టుకోకండి. ఉన్నితో కొంచెం నైలాన్ కలిపితే మాత్రం మంచిదే, బట్ట గట్టిగా ఉంటుంది.

ఆ గట్టిదనం ఎందుకంటే, ఇదిగో ఇక్కడ చూడండి, మోచేతి కింద. రేగు కంప తగిలి లాగింది. ముందు సూదిమొనంత చిల్లు, రెండు ఉతుకులయ్యేసరికి కందిగింజంత అయింది. పాలిస్టర్ అదే కంపకి పోగు లేచి ఊరుకుంది. మన అడవులన్నీ ముళ్ళ పొదలే కాబట్టి పల్చటి మెరినో కొన్నవాళ్ళు కంపలున్న చోట పైన ఒక పాత చొక్కా వేసుకోండి. అదే చలిమంట దగ్గరైతే సంగతి తిరగబడుతుంది. నిప్పురవ్వ పడితే పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది, ఉన్నికి అంత తేలిగ్గా నిప్పంటుకోదు.

బాంబూ అని అమ్మేవి చాలామటుకు విస్కోసే, అంటే వెదురు గుజ్జుని రసాయనాలతో కరిగించి తీసిన పోగు. మెత్తగా ఉంటుంది, ఇంట్లో వేసుకోవడానికి బాగుంటుంది. నీళ్ళు మాత్రం కాటన్ కన్నా ఎక్కువే పీలుస్తుంది, తడిస్తే బలం తగ్గుతుంది. బ్యాగు పట్టీ రాసుకునే భుజాల దగ్గర నాది అప్పుడే పల్చబడింది. కొండకి వద్దు.

చలికాలం రాగానే గంటస్తంభం దగ్గర షాపుల్లో వేలాడే థర్మల్స్ గురించి కూడా అడుగుతుంటారు. లోపల నూగు ఉండే కాటన్ మిక్స్ అది. లంబసింగిలో తెల్లవారుజామున మంచు చూడ్డానికి నిలబడితే బాగుంటుంది, నడిస్తే బాగుండదు. అర కిలోమీటరు ఎక్కేసరికి తడిసిపోయి, ఇక ఆరదు.

కాటన్‌ని అంతగా తిట్టాను కాబట్టి ఒక న్యాయం చెప్పాలి. పొందూరు ఖద్దరు వేరు. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, చేత్తో వడికి నేసే ఆ పల్చటి బట్టలో గాలి ఆడినట్టు మిల్లు టీషర్టులో ఆడదు. శాలిహుండం లాంటి చిన్న కొండకి, ఎక్కి వంశధారని చూసి దిగిపోయేదానికి, వదులైన ఖద్దరు చొక్కాని మించింది లేదు. మా పెద్దవాళ్ళు కొండలెక్కింది ఆ బట్టల్లోనే. పైన చలిగాలి లేని చోట, వెంట మార్చుకోవడానికి ఇంకోటి ఉన్నప్పుడు కాటన్ తప్పేం కాదు.

ఇప్పుడు కుట్టు. షాపులో టాప్‌ని తిరగేసి చూడండి, మొహమాటపడకండి. భుజం మీద కుట్టు సరిగ్గా బ్యాగు పట్టీ కింద పడుతోందా? కుట్టు పైకి లేచి ఉందా, చదునుగా ఉందా? వేలితో రాస్తే తెలిసిపోతుంది. లేచిన కుట్టు మీద ఎనిమిది కిలోల బ్యాగు వేసుకుని నడిస్తే సాయంత్రానికి చర్మం ఒరుసుకుపోతుంది, చెమట తగిలి మండుతుంది. భుజం కుట్టుని ముందుకో వెనక్కో జరిపిన టాప్‌లు దొరుకుతాయి, అవే తీసుకోండి. మెడ వెనక లేబుల్ కుట్టింది కాకుండా అచ్చు వేసింది ఉంటే మేలు. రెండు చేతులూ పైకెత్తండి. అంచు నడుం పైకి వచ్చేస్తే పెట్టేయండి, కొండ మీద రాయి పట్టుకుని ఎక్కిన ప్రతిసారీ దాన్ని కిందికి లాక్కోవాల్సొస్తుంది.

చేతులు పొడుగువే కొనండి. ఎండకీ, ముళ్ళకీ మాత్రమే కాదు, ఏజెన్సీ వైపు వెళ్తే దోమలకి కూడా. మలేరియా ఉన్న ప్రాంతాలవి. మెడ దగ్గర చిన్న జిప్పు ఉంటే ఎక్కేటప్పుడు దించుకోవచ్చు, పైన గాలి కొడితే మూసుకోవచ్చు. మా అక్క దాని మీదే ఓటేసింది. ఆడవాళ్ళకి తను చెప్పమన్న ఇంకో మాట: లేడీస్ అని అమ్మే సైజులు చాలావరకు మరీ బిగుతుగా కుడుతున్నారు. మన వాతావరణానికి ఒక సైజు పెద్దది తీసుకోండి, లేదంటే మగవాళ్ళ సెక్షన్‌లో చిన్న సైజు చూడండి. లోపలి బ్రా కాటన్‌ది అయితే పైన ఎంత ఖరీదైన టాప్ వేసినా తడి అక్కడే నిలిచిపోతుంది, ముందు దాన్ని మార్చమంటోంది.

ఒకటి గుర్తుంచుకోండి. వీపు మీద బ్యాగు ఆనిన చోట ఏ బట్టా ఆరదు. ఏ కంపెనీ అట్ట మీదా ఈ మాట రాయదు. పైకెళ్ళగానే బ్యాగు దించి, వీపు గాలికి పెట్టి, వెంటనే గాలిని ఆపే పల్చటి జాకెట్, విండ్‌చీటర్ అంటారు, అది వేసుకోవాలి.

ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ వెళ్తున్నాం, ఏం కొనమంటారని చాలామంది రాస్తున్నారు. అది 12,500 అడుగులు, డిసెంబరులో మంచులో నడక. అక్కడికి 200 నుంచి 250 జీఎస్ఎం మెరినో, ఒంటికి ఆనుకునేలా, పడుకోవడానికి విడిగా పొడిది ఇంకొకటి. మన పల్చటి పాలిస్టర్ పారెయ్యకండి, ఎండలో ఎక్కే రోజున అదే వేసుకుంటారు.

ఉతకడం సంగతి. కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్లు పొయ్యకండి, పోగుల మీద పొరలా పేరుకుని చెమట లాగే గుణం పోతుంది. పాలిస్టర్‌కి వాసన పట్టేస్తే బకెట్ నీళ్ళల్లో ఒక కప్పు వెనిగర్ కలిపి నానబెట్టి ఉతకండి. మెరినోని చల్లనీళ్ళలో, మెలిపెట్టకుండా నొక్కి పిండి, నీడలో చాప మీద పరిచి ఆరేయండి. బ్లీచ్ తగలనివ్వొద్దు, ఉన్ని తినేస్తుంది. బీరువాలో పెట్టేముందు ఉతికే పెట్టండి, చెమట మరకలున్న చోటే పురుగు ముందు పడుతుంది.

కంపెనీ పేర్లు చెప్పలేదేంటని అడుగుతారు. మోడళ్ళు ఏటా మారిపోతాయి, లేబుల్ చదవడం వచ్చాక ఏ షాపులోనైనా మీరే ఏరుకోగలరు. మీ దగ్గర ఉన్న టాప్ లేబుల్ మీద ఏముందో కింద రాయండి, ఏ కొండకి పనికొస్తుందో చూసి జవాబిస్తాను. ఉంటానండీ.