షాకప్ తిప్పే ముందు టేపు పట్టండి

నమస్తే అండి. కొత్తగా బండి నేర్చుకున్నవాళ్లు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నది ఇదే: "అన్నా, వెనక చాలా గట్టిగా కొడుతోంది, షాకప్‌లు మెత్తగా చేయించాలంటే ఎంతవుతుంది?" షాకప్ అంటే వెనక చక్రం పక్కన గతుకుల దెబ్బ కాచే స్ప్రింగు గొట్టం. చాలాసార్లు రూపాయి కూడా అవ్వదు. అలాగని ఇప్పుడే పానా తీసి తిప్పేయకండి.

నా సంగతి చెప్తా. నా మొదటి బండి సెకండ్ హ్యాండ్ స్ప్లెండర్. అప్పుడు నేను 58 కిలోలు. స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, సీటు మీంచి లేచి పడేవాణ్ణి. మూడు నెలలు నడుం నొప్పితో తిరిగాక, ఒకరోజు బండి కడుగుతుంటే కంటపడింది. రెండు షాకప్‌లూ ఐదో మెట్టు మీద, అంటే స్ప్రింగుని బాగా నొక్కిపెట్టి ఉన్నాయి. నాకు బండి అమ్మినాయన పాల వ్యాపారి. రెండు పక్కలా నిండు క్యాన్లు కట్టుకుని తిరిగేవాడు. ఆ లోడుకి అదే కరెక్టు. నేనేమో పాల క్యాన్లు లేకుండా పాల బండి నడుపుతున్నా.

ఇదిగో, కెమెరా దగ్గరకి తెస్తున్నా. స్ప్రింగు కింద ఈ రింగు చూడండి, అంచు మెట్లు మెట్లుగా ఉంది కదా. కొక్కెంలా వంగిన పానా తగిలించి తిప్పితే, టక్‌మని ఒక్కో మెట్టు ఎక్కుతూ స్ప్రింగుని నొక్కుతుంది. దీన్నే ప్రీలోడ్ అంటారు. సైలెన్సర్ చల్లారాకే చేయండి, పానా జారితే చెయ్యి నేరుగా దాని మీదకే పోతుంది. నా చేతికి ఆ గుర్తు ఇంకా ఉంది.

తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని అందరూ అనుకుంటారు. కాదు, అదే స్ప్రింగు. ముందే నొక్కి పెట్టాం కాబట్టి, ఆ బలాన్ని దాటేంత బరువు పడేదాకా కదలదు. బక్కపలచని మనిషి ఎక్కితే చిన్న గతుకులకి అది ఉలకదు, పలకదు. దెబ్బంతా మన నడుముకే.

మరి మనకి ఎన్నో మెట్టు? టేపు చెప్తుంది. డబుల్ స్టాండ్ వేసి వెనక చక్రం గాల్లో ఉండగా, ఇరుసు నట్టు నుంచి నిటారుగా పైన సీటు కింద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత స్టాండు తీసి, హెల్మెట్ బ్యాగుతో సహా ఎక్కి కూర్చోండి. ఒకరు బండి పట్టుకోవాలి, ఇంకొకరు అదే కొలత తియ్యాలి. మొదట 520 మిల్లీమీటర్లు, ఇప్పుడు 490 వచ్చిందనుకోండి, బండి 30 కుంగింది. దీని పేరు సాగ్. మన సాగడానికీ దీనికీ సంబంధం లేదు, ఇది కుంగడం! చక్రం మొత్తం ఎంత కదలగలదో అందులో పావు నుంచి మూడో వంతు దాకా కుంగితే రోడ్డు మీద తిరగడానికి బాగుంటుంది. ఎక్కువ కుంగితే ఒక మెట్టు పెంచండి, తక్కువైతే దించండి. టైర్లలో గాలి మాత్రం ముందే సరిచూసుకోండి, దాంట్లో తేడా ఉంటే ఈ కష్టమంతా దండగ.

వెనక ఇంకొకరు ఎక్కితే లెక్క మళ్లీ మారుతుంది. రాత్రిపూట హెడ్‌లైట్ చెట్ల కొమ్మల్లోకి కొడుతోందంటే వెనక బాగా కుంగినట్టే. ఒకటి రెండు మెట్లు పెంచండి. నేను ఒక్కణ్ణే ఉంటే రెండు, మా అమ్మ ఎక్కితే నాలుగు.

ఇంకో పరీక్ష. సీటు వెనక గట్టిగా నొక్కి వదలండి. ఒక్కసారి లేచి ఆగాలి. బంతిలా ఎగురుతూ ఉంటే లోపల డ్యాంపింగ్, అంటే స్ప్రింగు ఊగకుండా అదుపు చేసేది, పోయింది; దాన్ని ఏ పానా బాగుచేయలేదు. ఖరీదైన బండ్లకి ఈ డ్యాంపింగ్ తిప్పే క్లిక్కులు కూడా ఉంటాయి. ఇప్పుడున్న నంబరు ఫోన్లో రాసుకుని, ఒకసారికి ఒక్క క్లిక్కే మార్చి అదే రోడ్డులో తిరిగి చూడండి.

సరే, మీ బండి ఎన్నో మెట్టు మీద ఉందో చూసి కామెంట్లో రాయండి. రెండు పక్కలా చూడండి సుమా, కుడి పక్క రెండు, ఎడమ పక్క నాలుగు ఉన్న బళ్లు కూడా నేను చూశాను.