బోర్డు చదవలేని కస్టమర్ నోటితో అడుగుతున్నాడు, మీ షాపు పలుకుతోందా?

నమస్కారం అందరికీ, నేరుగా విషయంలోకి వచ్చేస్తాను, ఎందుకంటే పోయిన వీడియో కింద మీ కామెంట్లు చదివి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఒడిశాలోని మన బరంపురంలో చిన్న షాపుల వాళ్లకి వాయిస్ సెర్చ్, అంటే టైపు చేయకుండా ఫోన్‌ని నోటితో అడిగి వెతకడం, చాలా అవసరం అన్నాను, అంతే. "అదంతా హైదరాబాద్ వాళ్లకండీ, మన కస్టమర్లంతా మొహం తెలిసినవాళ్లే" అని ఒకటే గోల. కాదండీ! మళ్లీ అదే అంటున్నా, ఇంకా గట్టిగా అంటున్నా: వాయిస్ సెర్చ్ హైదరాబాద్ కన్నా మన బరంపురానికి, పర్లాకిమిడికి, రాయగడకే ఎక్కువ అవసరం.

ఎందుకంటారా, మన ఇళ్లలోనే చూడండి. 1936 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిశాం. తరాలు మారాయి, పిల్లలు ఒడియా మీడియంలో చదివారు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, తెలుగు అక్షరం చూపిస్తే తడుముకుంటారు. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి ఇక్కడి పెద్దాసుపత్రికి వచ్చేవాళ్లదేమో తిరగేసిన కథ, తెలుగు చదువుతారు, ఒడియా బోర్డు ముందు నిలబడి పక్కవాణ్ని అడుగుతారు. ఒకరికి ఆ లిపి రాదు, ఇంకొకరికి ఈ లిపి రాదు, నోరు మాత్రం ఇద్దరికీ ఉంది! గూగుల్ వాయిస్ సెర్చ్‌లోకి తెలుగు 2017 ఆగస్టులోనే వచ్చింది. ఇన్నేళ్లయినా మనం బోర్డుకి ఏ రంగు లైట్లు పెడదామా అనే ఆలోచిస్తున్నాం.

మా బావ సంగతి చెప్తా. మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తాడు, చేయి తిరిగిన మెకానిక్. పోయిన నెల ఆయన షాపు గుమ్మంలోనే నిలబడి ఫోన్ తీసి, ఇంట్లో ఆడవాళ్లు ఎలా అడుగుతారో అలాగే అడిగాను, "దగ్గర్లో మిక్సీ ఎక్కడ బాగుచేస్తారు?" మూడు వీధుల అవతలి షాపు వచ్చింది. బావ షాపు రాలేదు. ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఆగిపోయింది. వెతికితే గూగుల్‌లో ప్రొఫైల్, అంటే షాపు వివరాలుండే పేజీ, ఉంది, ఎవరో కుర్రాడు ఎప్పుడో పెట్టి వదిలేశాడు. కేటగిరీ ఎలక్ట్రానిక్స్ షాపట, రిపేర్ అన్న మాటే ఎక్కడా లేదు, టైమింగ్స్ లేవు, ఇక ఫోన్ నంబరు చూస్తే బావ రెండేళ్ల కిందట పారేసిన సిమ్‌ది! ఎంతమంది ఫోన్ చేసి స్విచాఫ్ విని వేరే షాపుకి పోయారో తలచుకుంటే నాకు కడుపు రగిలిపోయింది.

ఆ రోజే కూర్చుని అంతా మార్చాం. కేటగిరీ రిపేర్ కింద పెట్టాం, మిక్సీ, గ్రైండర్, ఫ్యాన్ వైండింగ్ ఏ పనికాపని విడిగా రాశాం. వివరణకి 750 అక్షరాల దాకా చోటిస్తారు, అందులో గొప్పలు రాయలేదు, కస్టమర్ నోట వచ్చే మాటలే రాశాం. టైమింగ్స్ తప్పకుండా పెట్టండి, "ఇప్పుడు ఏది తెరిచుంది" అని అడిగినవాడికి టైమే లేని షాపును ఎలా చూపిస్తుంది? ఒక్క జాగ్రత్త, ఈ మాటలన్నీ షాపు పేరులో కుక్కకండి. బోర్డు మీద ఉన్న పేరే ఉండాలన్నది గూగుల్ రూలు, కాదంటే ప్రొఫైల్‌కే ఎసరు.

ఊరి పేరు దగ్గర ఇంకో తంటా. కాగితాల్లో బ్రహ్మపుర్, ఇంగ్లీషులో బెర్హంపూర్, మన నోట బరంపురం. కొరాపుట్ జిల్లా జయపురం వాళ్ల బాధ ఇంకా ఎక్కువ, కాస్త నోరు జారి జైపూర్ అన్నారో, ఫోన్ తిన్నగా రాజస్థాన్ పోతుంది! అందుకే మ్యాప్‌లో పిన్ మీ గుమ్మం మీదే ఉందో లేదో చూసుకోండి, "దగ్గర్లో" అని అడిగినప్పుడు ఫోన్ ఊరి పేరు కాదు, దూరం చూస్తుంది.

ఇక ఆ ప్యాకేజీల వాళ్లు! వాయిస్ సెర్చ్‌లో మొదటి నంబరు తెప్పిస్తాం అని ఒకాయన బావని 12 వేలు అడిగాడు. ఇవ్వకండి, ఒక్క రూపాయి ఇవ్వకండి. ప్రొఫైల్ ఉచితం, గూగుల్‌లో వాయిస్‌కని వేరే రిజిస్ట్రేషనే లేదు. డబ్బు కడితే లోకల్ ర్యాంకు, అంటే దగ్గరి షాపుల వరసలో మీ చోటు, పెరగదని గూగులే రాసి పెట్టింది.

అన్నీ సరిచేసిన పదిహేనో రోజు, ఇచ్ఛాపురం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది, "బాబూ, మిక్సీ పాడైపోనాది, ఆదివారం ఆసుపత్రికొస్తన్నాం, తెరిచుంటాదా?" బావ ఆదివారం పన్నెండింటికి కట్టేసేవాడు, ఆ రోజు ఆవిడ వచ్చేదాకా కూర్చున్నాడు.

ఇప్పుడు మీ వంతు. వీడియో ఆపి షాపు బయటికి రండి, ఫోన్‌లో వాయిస్ భాషల్లో తెలుగు పెట్టండి, మీ షాపు పేరు కాదు, మీరు చేసే పని పేరు చెప్పి అడగండి. ఎవరి షాపు వచ్చిందో కింద రాయండి, మీది రాకపోతే అది కూడా రాయండి, వచ్చే వీడియోలో ఒక్కొక్క ప్రొఫైలూ తెరిచి ఎక్కడ పోయిందో చూద్దాం.